గనిలేని కొలిమి

బాన్సువాడ బజారులోని మోటారు వైండింగు దుకాణముల ముందు, యాసంగి పైరు పొట్టకు వచ్చు దినములలో, కాలిపోయిన మోటారులు వరుసగా పడియుండును. రైతులు వాని ప్రక్కన గొంతుకూర్చుండి తమ వంతు కొరకు ఎదురుచూచుచుందురు. మేస్త్రీ పాత తీగను ఊడదీసి తక్కెడలో వేయును. క్రొత్త తీగ ధర చెప్పును. రైతు ఉలిక్కిపడి ఏల ఇంత యని అడిగినచో, "పోయిన పంటనాటి ధర ఇప్పుడేడిది పటేలా, రాగి పిరమైంది" అని ఒక్కమాటతో ముగించును. ఆ రాగి ఏ గనినుండి వచ్చినదో, ఏ ఓడపై వచ్చినదో, దాని ధర నెవరు కట్టిరో మేస్త్రీకి తెలియదు, రైతుకు తెలియదు. తెలియవలసిన ప్రభుత్వమువారికి తెలిసియు పట్టలేదు. ఈ వ్యాసమునకు కారణమదియే.

రాగి ధర పెరుగుట దైవికమని పలువురు తలచుచున్నారు. ధర మాట యెట్లున్నను, ఆ ధరను మనము పరదేశమునకు చెల్లించుచుండుట మాత్రము దైవికము కాదు, అది విధానఫలము. ముప్పది యేండ్లుగా కేంద్రప్రభుత్వములు, పార్టీభేదము లేక, కొలుములను లాలించి గనులను ఉపేక్షించినవి. గనిలేని కొలిమి పరులకు కూలిచేయు ఇల్లు. దానిని జాతీయపరిశ్రమ యనుట ఆత్మవంచన.

పట్టణవాసి కంటికి రాగి యనగా పూజాపాత్ర, తాతలనాటి బిందె. పల్లెవానికి అది పంటయే. మన పెద్దలకాలమున అట్లు లేదు. 1923లో ఆరంభమై 1931 నాటికి ముగిసిన నిజాంసాగరము మంజీరా నీటిని కాలువల వెంట ఈ సీమకు తెచ్చెను. నీరు పల్లమెరుగును, కాలువ నీటికి మోటారు అక్కరలేదు, తీగ అక్కరలేదు. కాని సాగరమున పూడిక చేరి నిలువ తగ్గెను. ఎగువన సింగూరు జలాశయము వెలసి నీటిలో భాగము పట్టణముల దాహము తీర్చుటకు పోయెను. కాలువ చివరి భూములవారును, కాలువయే లేని మెట్టభూములవారును బోరుబావిని ఆశ్రయించిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటలును ఉచితముగ విద్యుత్తు నిచ్చు పథకము అమలులోనికి వచ్చెను. మంచిదే. విద్యుత్తు ఉచితమే గాని, ఆ విద్యుత్తు పారవలసిన తీగ ఉచితము కాదు. బోరులోని మోటారు చుట్టు రాగి. బోరునకు దింపు కేబులు రాగి. కావున కామారెడ్డి జిల్లా రైతు, తానెరుగకయే, ప్రపంచపు రాగి విపణిలో ఒక కొనుగోలుదారుడై నిలిచినాడు.

ఆ విపణి ఎట్లున్నది? 2020 మార్చిలో లండను లోహపు మార్కెట్టునందు టన్ను రాగి 5,000 డాలర్లకు లోబడి యుండెను. 2024 మేలో అది 11,000 డాలర్లను దాటెను. 2025 డిసెంబరులో 12,000 దాటెను. ధర పెరిగినకొలది దొంగకు ధైర్యము పెరిగినది. పొలములోని ట్రాన్స్‌ఫార్మరును రాత్రివేళ స్తంభము మీదినుండి పడద్రోసి, నూనె పారబోసి, లోపలి రాగిచుట్టను ఎత్తుకొనిపోవుట మన జిల్లాలలో పాతవార్త యైపోయినది. దొంగకు చిక్కునది కొన్ని కిలోల రాగి; దానిమీద ఆధారపడిన రైతులకు పోవునది పైరు. నా కక్షిదారుడొకడు వరి ఎండుచుండగా పదునెనిమిది దినములు ఒక కార్యాలయము మెట్లమీద కూర్చుండెను. "ఫిర్యాదు నకలు తెమ్ము, పంచనామా తెమ్ము, తోటి రైతుల సంతకములు తెమ్ము" అని త్రిప్పి, తుదకు క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చునాటికి అతని మడిలో కొడవలికి పని లేకపోయెను.

2003 విద్యుచ్ఛక్తి చట్టమున 136వ సెక్షను ఇట్టి దొంగతనమునకు మూడేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. దొంగసొత్తును తెలిసి కొన్నవానికి భారతీయ న్యాయసంహిత 317వ సెక్షను కలదు. చట్టములకు కొరత లేదు. కాని దొంగ పట్టువడినను, ఆ రాగిని కరగించి సొమ్ముచేసికొన్నవాడు పట్టువడుట అరుదు. ఏలయన, రాగి ఎచటనుండి వచ్చినను అడుగక కొనువారు గల దేశమిది. ఆ ఆకలికి కారణము దేశములో రాగి చాలకపోవుటయే.

రాగికి పరులపై ఆధారపడుట మనకు క్రొత్త కాదు. మన భాషలో ధనమునకు డబ్బను పేరు ఒక చిన్న రాగి నాణెము వలన వచ్చినది. పదునేడవ శతాబ్దమున డచ్చి వర్తకులు జపాను రాగిని ఓడల కెత్తి మన కోరమండల తీరమున అమ్మిరి. మచిలీపట్టణమున వారికి కోఠీ యుండెను. మూడువందల యేండ్లు గడచెను. నవాబులు పోయిరి, కంపెనీ పోయెను, స్వాతంత్ర్యము వచ్చెను. ఇటీవలి సంవత్సరములలో మనము దిగుమతి చేసికొన్న శుద్ధరాగిలో అధికభాగము ఏ దేశమునుండి వచ్చినది? మరల జపాను నుండియే. విశేషమేమనగా జపానులో నేడు చెప్పుకోదగిన రాగిగని యేదియు లేదు. అయినను ఆ దేశపు కొలుములు మండుచున్నవి. ఏలయన ఆ దేశపు సంస్థలు ముందుచూపుతో చిలీ, పెరూ మున్నగు దేశముల గనులలో వాటాలు కొనియుంచినవి. ఇంట గని లేనివాడు పొరుగున గని సంపాదించెను. ఇంట గని యున్న మనము రెండును వదలితిమి.

మన చరిత్రను కొంచెము తిరుగవేయుదము. 1924లో ఆంగ్లేయుల పెట్టుబడితో ఇండియన్ కాపర్ కార్పొరేషను వెలసి, 1930 నాటికి ఘాట్‌శిలా వద్ద రాగిని కరగించుట ఆరంభించెను. స్వాతంత్ర్యానంతరము 1967 నవంబరులో ప్రభుత్వము హిందుస్థాన్ కాపర్ సంస్థను స్థాపించి, 1972లో ఘాట్‌శిలా గనులను కొలిమిని జాతీయముచేసి దానిలో కలిపెను. రాజస్థానమున ఖేత్రీ, మధ్యప్రదేశమున మలాంజ్‌ఖండ్ గనులు తలయెత్తెను. త్రవ్వుట, కరగించుట, శుద్ధిచేయుట, తీగకు అనువుగ పోతపోయుట, అన్నియు ఒక్క చేతిలో ఉండవలెనన్న సంకల్పము నాటిది. ఆ సంకల్పము తప్పు కాదు. దానిని నడిపించిన తీరులో తప్పులు లేకపోలేదు.

1993లో రాగిగనుల ద్వారములు ప్రైవేటువారికి తెరవబడెను. పెట్టుబడి వచ్చును, క్రొత్త గనులు వచ్చునని చెప్పిరి. వచ్చినవి గనులు కావు, కొలుములు. 1990ల చివరిభాగమున తూత్తుకుడిలో ఒకటి, గుజరాతు తీరమున దహేజ్‌లో ఒకటి వెలసెను. రెండును సముద్రపు ఒడ్డుననే. ఏల ఒడ్డున? పరదేశపు ఖనిజము ఓడలో వచ్చును గనుక. కొలిమి పెట్టినవాడు రెండుమూడేండ్లలో రాగి చూచును. గని వెదకినవాడు పదేండ్లు మట్టి చూచును. లాభము కొరకు వచ్చినవాడు ఏది ఎన్నుకొనునో ఊహించుటకు పాండిత్యము వలయునా? వర్తకుని తప్పుపట్టను. వర్తకుడు చేయనిదానిని చేయుటకే గదా ప్రభుత్వము!

ఆ ప్రభుత్వము చేసినదేమి? ప్రపంచమున రాగి ధర అడుగంటిన 2001లో ఝార్ఖండములోని రాఖా గనిని మూసివేసినది. 2008లో ఖేత్రీ కొలిమిని చల్లార్చినది. వడ్లు చౌకగ నున్న యేట పొలము బీడుపెట్టి, పిరమైన యేట బియ్యము కొనుటకు అప్పుచేయు కాపును మన గ్రామములలో ఏమందురో చదువరులెరుగుదురు. ఢిల్లీలో దానిని హేతుబద్ధీకరణమందురు. గని ఒక్కమారు మూసినచో నీరు నిండును, పనివారు చెదరుదురు, పని తెలిసిన చేతులు ముదిసిపోవును. మరల తెరచుటకు ఏండ్లు పట్టును.

ఫలితము అంకెలలో చూడుడు. 2024–25లో దేశపు రాగి అవసరము 18.78 లక్షల టన్నులని రాగి పరిశ్రమవారి లెక్క. నేటికిని దేశమున రాగి ఖనిజమును త్రవ్వుచున్న సంస్థ హిందుస్థాన్ కాపర్ ఒక్కటియే. అది ఇటీవలి సంవత్సరములలో ఏటికి 33 నుండి 38 లక్షల టన్నుల నడుమ ఖనిజము త్రవ్వుచున్నది. నూరు కిలోల ఖనిజమున ఒక కిలో రాగి యైనను చిక్కుట కష్టము. కావున అంత మట్టిలో దొరకు లోహము సుమారు 25 వేల టన్నులు. అనగా అవసరములో నూటికి ఒకటిన్నర పాలైనను కాదు. తక్కినదంతయు పరదేశపు ఖనిజము, పరదేశపు శుద్ధరాగి, లేదా పాతరాగి.

ఖనిజము మన భూమిలో లేదు గనుక దిగుమతి తప్పదని కొందరు అధికారులు సెలవిత్తురు. ప్రభుత్వపు పట్టికయే వారికి సమాధానము. 2020 ఏప్రిలు 1 నాటి లెక్కనుబట్టి దేశమున రాగి ఖనిజము 166 కోట్ల టన్నులు కలదు. దానిలోని లోహము సుమారు 122 లక్షల టన్నులు. కాని త్రవ్వుటకు అనువైనదని నిర్ధారింపబడినది ఖనిజములో పదింట ఒక పాలు మాత్రమే, 16.4 కోట్ల టన్నులు. తక్కిన తొమ్మిది పాళ్లు 'వనరు' అను పేరుతో కాగితములమీద నిద్రించుచున్నవి. అందులో ఎంత పనికివచ్చునో, ఎంత రాదో, లోతుగా బోర్లు వేసి చూచినగాని తేలదు. చూడకయే లేదనుట వైద్యుడు నాడి పట్టకయే రోగి చనిపోయెననుట వంటిది.

మన తెలుగుసీమలోని కథయు ఇదే. వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాల రాగిని గూర్చి, నెల్లూరు సీమలోని గరిమెనపెంట రాగిని గూర్చి, బెంజమిన్ హెయిన్ అను కంపెనీ వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలోనే వ్రాసెను. అగ్నిగుండాల గుట్టలలో బండలమోటు వద్ద సీసపు గని కొంతకాలము నడచి మూతపడెను. నల్లకొండలో రాగి కలదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పిరి. కాని రాగి పరిశ్రమ మాత్రము అచ్చట వేరూనలేదు. కొత్తగూడెము ప్రాంతమున మైలారము వద్దను రాగి ఖనిజము కలదు. ఇవి ఖేత్రీ వలె పెద్దవని నేను చెప్పను. చిన్నవైనను వాని తుది లెక్క ప్రజలకు తెలియవలెనా వద్దా?

ఇక కొలుముల మాట. 2018 మే 22న తూత్తుకుడిలో కాలుష్యమునకు వ్యతిరేకముగ లేచిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి, పదుమూడుగురు మరణించిరి. మే 28న తమిళనాడు ప్రభుత్వము ఏటికి 4 లక్షల టన్నుల ఆ కర్మాగారమును మూసివేయ నాజ్ఞాపించెను. 2024 ఫిబ్రవరి 29న సుప్రీముకోర్టు యజమానుల విన్నపమును త్రోసిపుచ్చెను. అంతకుముందు శుద్ధరాగిని ఎగుమతి చేయుచుండిన దేశము 2018–19 నుండి దిగుమతిదారు అయ్యెను. దీనిని చూపి, 'ఉద్యమములే దేశమును దరిద్రము చేసినవి' అని వ్రాయువారు కలరు. వారికి నా జవాబొకటే. ఆ ఊరి గాలిని నీటిని కాపాడవలసిన బాధ్యత ఎవరిది? ఆ బాధ్యతను మొదటి దినమునుండి నిర్వర్తించియుండినచో జనము వీధికెక్కవలసిన పనియు లేదు, కర్మాగారము మూయవలసిన పనియు లేదు. పర్యవేక్షించుటలో సోమరియై, కాల్చుటలో చురుకై, ఆ పిమ్మట రాగి లేదని వగచుట పాలకులకు తగదు.

2024 మార్చిలో గుజరాతులోని ముంద్రాలో 5 లక్షల టన్నుల సామర్థ్యముగల క్రొత్త కొలిమి మొదటి భాగము ప్రారంభమైనది. ఇక కొరత తీరినదని పత్రికలు ఘోషించినవి. తీరునా? మన బాన్సువాడవారికి దీనిని వివరించుట సులభము. మన చుట్టును బియ్యపు మిల్లులు కలవు గదా. మిల్లువాడు వడ్లు ఆడించినందుకు కూలి పుచ్చుకొనును. వరి పండుట పెరుగక మిల్లులు మాత్రము పెరిగినచో ఏమగును? మిల్లులు ఒకదానిపై నొకటి పోటీపడి కూలి తగ్గించుకొనును. తుదకు వడ్లు తెచ్చినవానికే ఎదురు కానుక లిచ్చును. రాగి కొలుములకు నేడు పట్టిన గతి ఇదియే. ఖనిజసారమును కరగించి శుద్ధిచేసినందుకు గనివాడు విడిచిపెట్టు కూలి 2024 వార్షిక ఒడంబడికలో టన్నుకు 80 డాలర్లు, 2025లో 21.25 డాలర్లు. తాత్కాలిక బేరములలో అది 2025లో సున్నకు దిగువకు దిగెను. చైనా తన కొలుములను మితిమీరి పెంచినది. 2023 చివర పనామాలోని పెద్దగని మూతపడినది. 2025 సెప్టెంబరులో ఇండొనీషియాలోని గ్రాస్‌బర్గు గనిలో బురద విరుచుకుపడి పని నిలిచినది. ఖనిజము తక్కువ, కొలుములెక్కువ. ఇట్టి సమయమున గని లేక కొలిమి పెట్టుట, వరి లేని ఊరిలో మిల్లు కట్టుట.

ఇంతటి ఆపద తలమీద నుండగా ఢిల్లీలో జరుగుచున్న వ్యాజ్యమేమి? సుంకము. శుద్ధరాగి దిగుమతిపై 5 శాతము సుంకము చాలదు, జపానుతో 2011లో చేసికొన్న ఒడంబడిక వలన అదియు వ్యర్థమైనది, కావున రక్షణ పెంచుడని కొలుమువారి వాదము. పెంచినచో మేము మునుగుదుము, మా తీగ పిరమగునని తీగలు సాగదీయువారి వాదము. ఇరుపక్షములకును మంచి వకీళ్లు కలరు. వృత్తిరీత్యా నేనొకటి చెప్పగలను: ఇరుపక్షముల వాదము వినుచు అసలు ఆస్తి ఎచట నున్నదో అడుగని న్యాయాధిపతి ఎన్నటికిని తీర్పు చెప్పలేడు. సుంకము పెంచిన కొలిమికి లాభము, తగ్గించిన తీగకు లాభము. రెండింటి వలనను ఒక్క టన్ను ఖనిజమైనను భూమినుండి పైకి రాదు. ఖనిజసారముపై నుండిన 2.5 శాతపు సుంకమును 2024 జులై బడ్జెటులో తొలగించిరి. సరియే, కాని అది పరదేశపు ఖనిజమునకు త్రోవ చదును చేయుట గాని స్వదేశపు గనికి మెట్టు కట్టుట కాదు.

ఒక ఆక్షేపణకు న్యాయముగ సమాధానము చెప్పవలెను. గని మనదైనను ధర లండనుదే గదా, రైతునకు తీగ చౌకయగునా అని అడుగుదురు. ఆ ప్రశ్న సమంజసమే. ఇంటిగని వలన తీగ ధర సగమగునని నేను నమ్మబలుకను. కాని ధర పెరిగిన దినమున ఆ హెచ్చు సొమ్ము చిలీకి పోవునా, మన ఖజానాకు వచ్చునా? ఖజానాకు వచ్చినచో రైతు మోటారుకు, దొంగిలింపబడిన ట్రాన్స్‌ఫార్మరుకు సాయము చేయుటకు దొరతనమున కొక నిధి యుండును. ఓడలు నిలిచిన దినమున కొలిమి నిలువకుండును. రేపు విద్యుత్తు కారులు ప్రబలినచో పెట్రోలు కారునకు ఇరువది కిలోలకు కొంచెము పైబడు రాగి, ఆ కారునకు సుమారు ఎనుబది కిలోలు వలయును. ఆనాడు వెదకుట మొదలుపెట్టిన గని మన మనుమల కాలమునకు తెరచుకొనును.

కావున చేయవలసిన పనులు స్పష్టములు.

మొదటిది, రాగి కలదని తెలిసిన ప్రతి చోటును నిర్ణీతకాలములో లోతుగ పరిశోధించి, ఫలితమును జిల్లావారీగ ప్రకటింపవలెను. 2023లో రాగిని కీలక ఖనిజముల పట్టికలో చేర్చిరి; అదే యేట గనుల చట్టమును సవరించి లోతు ఖనిజముల అన్వేషణకు క్రొత్త లైసెన్సు నిచ్చిరి. లైసెన్సు పుచ్చుకొని బోరు వేయనివాని హక్కు రద్దుచేయు ధైర్యమును చూపవలెను.

రెండవది, హిందుస్థాన్ కాపర్ 2030–31 నాటికి 122 లక్షల టన్నుల ఖనిజము త్రవ్వుదునని చెప్పినది. ఏటేటి మెట్టును పార్లమెంటు ఎదుట నిలిపి, తప్పినచో కారణము చెప్పించవలెను. ఆ లాభము బడ్జెటు చిల్లులకు గాక గనికే మరల పోవలెను.

మూడవది, కొలుములకు సుంకపు రక్షణ గాని రాయితీ గాని ఇచ్చినచో, దానిని గనితో ముడిపెట్టవలెను. ఇంటనో బయటనో గనిలో వాటా సంపాదించినవానికే రక్షణ. 2025లో జాంబియా ప్రభుత్వము రాగి, కోబాల్టుల అన్వేషణకు 9,000 చదరపు కిలోమీటర్లు మనకు కేటాయించినది. ఆ పని ఫైలులో ముదియరాదు.

నాలుగవది, పాతరాగి. పాతరాగి కొను ప్రతి దుకాణమునకు రిజిస్టరు, అమ్మినవాని గుర్తింపు నిర్బంధము కావలెను. పాతలోహముల పునర్వినియోగమునకు ఉత్పత్తిదారులను బాధ్యులను చేయు నియమములను 2025లో ప్రకటించిరి. అవి బాన్సువాడ పాతసామాను దుకాణము వరకు దిగవలెను. దొంగరాగికి కొనుగోలుదారుడు లేనినాడు ట్రాన్స్‌ఫార్మరు రాత్రి నిశ్చింతగ నిలుచును.

అయిదవది, గని పేరిట మనుష్యుని తొక్కరాదు. ఏజెన్సీ భూములను ప్రైవేటు గనులకు కట్టబెట్టరాదని 1997లో సమత కేసునందు సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు మన తెలుగుసీమనుండి పుట్టినదే. గ్రామసభ సమ్మతి, గాలినీళ్ల పరీక్షాఫలితముల బహిరంగ ప్రకటన, ఇవి గనికి ఆటంకములు కావు. గని నూరేండ్లు నడచుటకు పునాదులు. తూత్తుకుడి పాఠమదియే.

చదువరులారా, ఈ పత్రికను గ్రంథాలయపు బల్లమీద చదివి మడిచిపెట్టువారు మనలో పెక్కండ్రు. నేడు అట్లు చేయకుడు. మీ లోకసభ సభ్యుడు ఊరికి వచ్చినపుడు రోడ్డు, పింఛను అడిగిన పిదప ఈ ప్రశ్న నొక్కటి అడుగుడు: 'అయ్యా, రాగి గని మాట సభలో మీరెన్నిమారులు ఎత్తితిరి?' ఉత్తరము రాకున్న, వైండింగు దుకాణము ముందు కాలిన మోటారు ప్రక్కన గొంతుకూర్చున్న రైతును ఆయనకు చూపుడు.